ఇంటి ధ్వనిముద్రణకు ప్రీయాంప్లిఫయరు ఎంపిక

పాటనో మాటనో పట్టి నిలపటం ఒకప్పుడు రేడియో కేంద్రాలకు, గ్రామఫోను కంపెనీలకు మాత్రమే చెల్లిన విద్య. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1వ తేదీన ప్రారంభమైన నాటికి ధ్వనిముద్రణ యంత్రమంటే ఒక గదిని ఆక్రమించే సామగ్రి. దానిని కనిపెట్టి ఉండటానికి ఒక ఇంజనీరు. నేడు అరచేతిలో ఇమిడే పెట్టె ఒకటి, మైక్రోఫోను ఒకటి, ఇంట్లో ఉన్న కంప్యూటరు ఒకటి కలిస్తే ఆ పని సాగిపోతున్నది. సామాను చిన్నదయింది కాని సందేహాలు చిన్నవి కాలేదు. పల్నాడు జిల్లా రొంపిచెర్ల నుంచి ఒక శ్రోత వ్రాసిన ఉత్తరమే ఈ ప్రసంగానికి కారణం.

వారి తల్లిగారికి ఎనభయ్యో ఏడు. పెళ్ళిపాటలు, మంగళహారతులు, నాట్ల వేళ పాడే పాటలు, పల్నాటి వీరుల మీద ఆడవాళ్ళు అల్లుకున్న పదాలు ఆమెకు వందల సంఖ్యలో నోటికి వచ్చునట. కాగితం మీద ఒక్కటీ లేదు. గొంతు ఏడాదికేడాది సన్నగిల్లుతున్నది. కుమారుడు సభలలో వాడే మైక్రోఫోను ఒకటి సంపాదించి, చౌక పెట్టె ఒకటి కొని, నాలుగు పాటలు ముద్రించి చూశారు. పాట కంటె ‘ష్’ అనే రొద ముందుగా వినిపించింది. పట్నంలోని దుకాణదారు, ‘ఇది ప్రీయాంప్లిఫయరు లోపం, నలభై వేలు పెట్టి వేరే యంత్రం తీసుకోండి’ అన్నాడట. ‘ఈ ఏటి మిరప డబ్బులో అంత భాగం దానికి పెట్టవచ్చునా? పెట్టకపోతే అమ్మ పాట దక్కదా?’ అని వారి ప్రశ్న.

పెట్టనక్కర లేదని నా అభిప్రాయం. కారణం చెప్పకుండా అభిప్రాయం చెప్పటం న్యాయం కాదు గనుక, కొంచెం లెక్కలోకి దిగుదాము.

మైక్రోఫోను చేసే పని గాలిలోని కదలికను విద్యుత్తుగా మార్చటం. ఆ పుట్టే విద్యుత్తు అత్యల్పం. సభావేదికల మీద 1966 నుంచి లోకమంతా వాడుతున్న శ్యూర్ ఎస్ఎం58 అనే డైనమిక్ మైక్రోఫోనును తీసుకోండి. గాయకుడు దాని ముందు గొంతెత్తి పాడి, ధ్వని తీవ్రత 94 డెసిబెల్లు వచ్చినప్పుడు అది ఇచ్చేది 1.85 మిల్లీవోల్టులు, అనగా వోల్టులో వెయ్యో వంతుకు రెట్టింపు కూడా లేదు. అదే మైక్రోఫోనుకు ఎనభై ఏళ్ళ తల్లి మూరెడు దూరాన కూర్చుని సన్నగా పాడితే, తీవ్రత 60 డెసిబెల్లకు పడిపోతుంది. మైక్రోఫోను ఇచ్చేది మరొక యాభయ్యో వంతుకు తగ్గుతుంది. ముద్రణయంత్రానికి కావలసినదో, ఇంచుమించు ఒక వోల్టు. ఈ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చే మొదటి యంత్రమే ప్రీయాంప్లిఫయరు. ధ్వనిని పెద్దది చేసి స్పీకరుకు పంపే యాంప్లిఫయరు తరువాతి సంగతి. దానికంటె ముందు, ఇంకా పసికందుగా ఉన్న విద్యుత్తును ఎత్తి పెంచేది ఇది.

పెంచటంలో చిక్కు ఒకటి ఉన్నది. అడుగంటిన బావిలో మోటారు వేస్తే నీటితోపాటు బురద కూడా పైకి వస్తుంది గదా! ప్రీయాంప్లిఫయరు కూడా పాటను పెంచినట్లే తనలోని రొదను, మైక్రోఫోను తీగచుట్టలోని రొదను పెంచుతుంది. ఈ రొద ఎక్కడి నుంచి వస్తున్నదంటే, వేడి నుంచి. ఏ లోహంలోనైనా ఎలక్ట్రానులు వేడిమి వల్ల నిరంతరం కదలాడుతూ ఉంటవి. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్సన్, నైక్విస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1928లో దీనిని కొలిచి, సూత్రం కట్టి చూపించారు. మైక్రోఫోనుకు సాధారణంగా ఉండే 150 ఓముల నిరోధంలో, మామూలు గది వేడిలో, మనం వినగల శ్రుతుల పరిధిలో ఈ సహజమైన రొద సుమారు మైనస్ 131 డీబీయూ. ఇది ప్రకృతి గీసిన గీత. కోటి రూపాయల యంత్రమైనా ఆ మైక్రోఫోనుతో దీని కిందికి దిగలేదు.

ఇప్పుడు దుకాణానికి వెళ్ళండి. యంత్రంతో వచ్చే కాగితంలో ‘ఈఐఎన్’ అని మూడక్షరాలు, వాటి పక్కన మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. యంత్రం తన వంతుగా ఎంత రొద కలుపుతున్నదో చెప్పే అంకె అది. మైనస్ తరువాతి సంఖ్య ఎంత పెద్దదైతే అంత మంచిది. ఇక్కడ చాలామంది తికమక పడతారు. సామాన్య ధరలో దొరికే ఫోకస్‌రైట్ స్కార్లెట్ మూడవ తరం పెట్టెలకు కంపెనీవారు మైనస్ 128 అని వేశారు. మోటూ ఎం2 అనే పెట్టెకు మైనస్ 129. చెవికి అనుకూలించేటట్లు సవరించి కొలిచే ‘ఎ’ పద్ధతి ఒకటి ఉన్నది. అందులో అంకె రెండు డెసిబెల్ల వరకు మెరుగ్గా కనిపిస్తుంది గనుక, రెండు యంత్రాలను పోల్చేటప్పుడు రెండూ ఒకే పద్ధతిలో కొలిచినవేనా అని చూసుకోవలె. ఆ సవరణ పోగా చూచినా, ప్రకృతి గీతకు ఈ చౌక పెట్టెలకు మధ్య దూరం నాలుగైదు డెసిబెల్లకు మించదు. నలభై వేల యంత్రం కొన్నా, నాలుగు లక్షల యంత్రం కొన్నా, రొద విషయంలో మనకు మిగిలే లాభం అంతే. రేడియోలో కంపెనీల పేర్లు చెప్పటం మా సంప్రదాయం కాదు కాని, పేరు లేని అంకెతో శ్రోతకు ఉపయోగం లేదు. వీటిని కొనుమని నేను చెప్పటం లేదని మాత్రం గ్రహించగలరు.

అదే తల్లిని మూరెడు దూరం నుంచి బెత్తెడు దూరానికి జరిపితే ఎంత లాభమో చూడండి. దూరం సగమైనప్పుడల్లా ఆరు డెసిబెల్లు పెరుగుతవి. మూరెడంటే సుమారు పద్దెనిమిది అంగుళాలు, బెత్తెడంటే మూడు అంగుళాలు, ఆరో వంతు. లాభం పదిహేను డెసిబెల్ల పైచిలుకు. ఖర్చు, కుర్చీ జరపటం. అయితే మైక్రోఫోను నోటికి మరీ ఎదురుగా ఉంటే ‘ప’, ‘భ’ వంటి అక్షరాల ఊపిరి దానికి తగిలి ‘దబ్బు’మని మోగుతుంది, మంద్రస్వరం కూడా అక్కరకు మించి ఉబ్బుతుంది. నోటికి కొంచెం పక్కగా, చుబుకం ఎత్తున పెట్టి, మధ్య ఒక పలుచని గుడ్డ తెర కట్టితే చాలును. వయసు మళ్ళినవారికి ముఖం ముందు ఇనుప కడ్డీ నిలబెడితే బెదురు. రెండు మూడు పాటలు ఊరకే పాడించి, అలవాటు పడిన తరువాత ముద్రణ మొదలుపెట్టవలె.

గదిలో ఉన్న రొద సంగతి ఎవరూ అడగరు. నడుస్తున్న ఫ్యాను కింద గది రొద 45 డెసిబెల్ల ప్రాంతాన ఉంటుంది. పైన చెప్పిన మైనస్ 128 యంత్రం, ఎస్ఎం58 మైక్రోఫోను కలిసినప్పుడు, ఆ యంత్రపు రొద గదిలోని ఏపాటి శబ్దానికి సమానమని లెక్క కడితే, సుమారు 18 డెసిబెల్లని తేలుతుంది. అర్ధరాత్రి పల్లెలోని మూసిన గదిలో కూడా 18 డెసిబెల్ల నిశ్శబ్దం దొరకదు. ఫ్యాను ఆడుతుండగా యంత్రం రొద గురించి ఆలోచించటం, చిల్లికుండకు మూత వెతకటం వంటిది. రెంటచింతల ఎండలు తెలిసినవారెవరూ వేసవిలో ఫ్యాను కట్టమని ఒక ముసలితల్లికి చెప్పరు. కార్తీక, మార్గశిర మాసాలలో, రాత్రి భోజనాలయి, వీధి సద్దుమణిగిన తరువాత కూర్చోండి.

మన ప్రాంతపు ఇండ్లకు మరొక ప్రత్యేకత కూడా ఉన్నది. నేల మీద నాపరాయి, పైన స్లాబు, నాలుగు వైపుల సున్నపు గోడ. నాపరాయి కంటికి చలువ, పాదానికి చలువ. చెవికి మాత్రం శత్రువు. పాడిన స్వరం దాని మీద పడి, గోడకు తగిలి, తిరిగి మైక్రోఫోనులోకి వస్తుంది. వినేవారికి పాట బావిలోనుంచి వస్తున్నట్లు తోస్తుంది. ఏ ప్రీయాంప్లిఫయరూ దీనిని తీసివేయలేదు. పత్తి పండే సీమలో ఉపాయానికి కొదవలేదు: కింద పరుపు వేసి, పాడేవారి వెనుక, రెండు ప్రక్కల నులకమంచాలు నిలబెట్టి, వాటి మీద పాతబొంతలు వేలాడదీయండి. స్టూడియో గోడలకు మేము చేయించే పని కూడా స్థూలంగా ఇటువంటిదే, ఖర్చులో భేదం.

ఇంత చెప్పాక, యంత్రం ఏదైనా ఒకటే అన్న భావం కలగకూడదు. ఎంపికలో చూడవలసినవి ఉన్నవి.

అన్నిటికంటె ముందు చూడవలసినది ‘గెయిన్’, అనగా పెంచే శక్తి. సభలలో వాడే డైనమిక్ మైక్రోఫోనుకు, మెత్తని గొంతుకు, 55 నుంచి 60 డెసిబెల్ల గెయిన్ ఉన్న యంత్రం ఉండవలె. కొన్ని చౌక పెట్టెలలో మరలను చివరి వరకు తిప్పితేనే ఆ అంకె వస్తుంది. ఆ చివరి అంచులోనే రొద హఠాత్తుగా పెరుగుతుంది. ఈ మధ్య కొత్తగా ప్రచారంలోకి వచ్చిన శ్యూర్ ఎస్ఎం7బి వంటి మైక్రోఫోనులు ఎస్ఎం58 కంటె కూడా మందకొడి. 94 డెసిబెల్లకు 1.12 మిల్లీవోల్టులే ఇస్తవి. అటువంటివి కొని చౌక పెట్టెకు తగిలించి, చాలక, మళ్ళీ మధ్యలో పాతిక డెసిబెల్లు పెంచే చిన్నగొట్టం వంటి పరికరం కొనేవారిని చూస్తున్నాము. మైక్రోఫోనును బట్టి యంత్రం ఎంచుకోవలెను గాని, పేరు విని మైక్రోఫోను కొని, దానికోసం తక్కినవన్నీ కొనుక్కుంటూ పోవటం గృహస్థుకు తగిన పని కాదు.

రొంపిచెర్ల శ్రోతకు నా సలహా ఇక్కడే ఉన్నది. నలభై వేల ప్రీయాంప్లిఫయరుకు బదులు, ఉన్నదానిలో ఒక సామాన్యమైన కండెన్సరు మైక్రోఫోను కొనటం మేలు. రోడ్ ఎన్‌టీ1-ఎ అనే దాని సంగతి చెబుతాను. 94 డెసిబెల్లకు అది ఇచ్చేది 25 మిల్లీవోల్టులు. ఎస్ఎం58 కంటె పదమూడు రెట్లకు పైగా, అనగా 22 డెసిబెల్లు ఎక్కువ. దాని స్వంత రొద 5 డెసిబెల్లకు సమానమని కంపెనీ లెక్క. ఇటువంటి మైక్రోఫోను ముందున్నప్పుడు ప్రీయాంప్లిఫయరు పెద్దగా శ్రమపడనక్కర లేదు; దాని రొద మైక్రోఫోను రొద అడుగున అణగిపోతుంది. మైనస్ 128 అంకెకు, మైనస్ 124 అంకెకు ఉన్న భేదం అప్పుడు చెవికి తెలియదు. అదే బలానికి ప్రతిగా, గోడగడియారం, వీధికుక్క, పక్కింటి మిక్సీ అన్నీ అది వింటుంది. మంచాల కోట తప్పనిసరి.

కండెన్సరు మైక్రోఫోనుకు విద్యుత్తు కావలె. దానిని మైక్రోఫోను తీగ ద్వారానే పంపే పద్ధతికి ‘ఫాంటమ్ పవర్’ అని పేరు, 48 వోల్టులు. ఈ 48 అనే అంకె వెనుక ఒక ముచ్చట ఉన్నది. 1966లో జర్మనీలోని న్యూమన్ కంపెనీ నార్వే రేడియోవారికి కొత్త మైక్రోఫోనులు తయారుచేసినప్పుడు, ఆ స్టూడియోలలో అత్యవసర దీపాల కొరకు అప్పటికే 48 వోల్టుల విద్యుత్తు సిద్ధంగా ఉండటం వల్ల, దానినే వాడుకున్నారు. ఉత్తర ధ్రువపు చీకటి దేశంలోని దీపాల వోల్టేజి నేడు నరసరావుపేట దుకాణంలోని పెట్టె మీద మీటగా కనిపిస్తున్నది. కొనబోయే పెట్టెకు ఈ మీట ఉన్నదా, అది నిజంగా 48 వోల్టులేనా అని అడిగి తెలుసుకోండి. తగ్గింపు వోల్టేజి ఇచ్చే పెట్టెలూ ఉన్నవి.

తీగ గురించి రెండు మాటలు. మూడు ముళ్ళ ఎక్స్ఎల్ఆర్ తీగ తప్ప మరొకటి వాడకండి. మన ఊళ్ళ మైకుసెట్ల తీగలకు చివర లావుపాటి ఒంటిపిన్ను ఉంటుంది. దానిని ఈ పెట్టెలలో గిటారు కొరకు పెట్టిన రంధ్రంలో దోపితే, మైక్రోఫోను ప్రీయాంప్లిఫయరు దాకా వెళ్ళనే వెళ్ళదు. గొంతు పీలగా, రొద మెండుగా వస్తుంది. రొంపిచెర్ల శ్రోత వ్రాసిన లక్షణాలు చూస్తే నాకు మొదట కలిగిన అనుమానం ఇదే. అదే ఒంటితీగ మార్గాన కరెంటు తీగల నుంచి 50 సైకిల్సు ‘గుయ్’మనే నాదం కూడా వచ్చి చేరుతుంది. మూడు ముళ్ళ తీగలో పాట రెండు తీగల మీద ఒకదానికొకటి వ్యతిరేకంగా పయనిస్తుంది. దారిలో రెండింటికీ సమానంగా అంటుకున్న రొదను ప్రీయాంప్లిఫయరు తీసివేత చేసి పారవేస్తుంది. కంప్యూటరు చార్జరును తీసివేసి బ్యాటరీ మీద నడపటం, ఇన్వర్టరు ఆపి ఉంచటం, పొలం మోటార్ల కరెంటు వచ్చే వేళ తప్పించటం, ఇవి కూడా అనుభవం మీద పనికి వచ్చినవి.

గొంతు సన్నని తల్లి సంగతి ఒకటయితే, పంబ, డప్పు, నాదస్వరం సంగతి వేరు. కరవది షేక్ చినమౌలానా వంటి విద్వాంసుల నాదస్వరం వినిన ప్రాంతం మనది. ఆ వాద్యం మైక్రోఫోనును ఏమి చేయగలదో వేరే చెప్పనక్కర లేదు. 120 డెసిబెల్ల ధ్వనికి కండెన్సరు మైక్రోఫోను అర వోల్టు ఇస్తుంది. చిన్నపెట్టె అంత బలాన్ని మ్రింగలేక చీలిన ధ్వని ఇస్తుంది. అక్కడ కావలసినది పెంచటం కాదు, తగ్గించే ‘ప్యాడ్’ అనే మీట. మీ ఇంట్లో బుర్రకథ, భజన బృందాల ముద్రణ కూడా జరుగుతుందనుకుంటే, పెట్టె కాగితంలో ‘మాక్సిమమ్ ఇన్‌పుట్’ అనే అంకె చూసి, ప్లస్ 9 డీబీయూ గాని అంతకు మించి గాని ఉన్నది తీసుకోండి. ఇటువంటి సమూహాలకు పాత డైనమిక్ మైక్రోఫోనే మంచిదనటం కూడా ఒక సలహాయే.

మరి, లక్ష దాటిన ప్రీయాంప్లిఫయర్లు ఎవరికోసం? 1970లో రూపర్ట్ నీవ్ అనే ఆంగ్లేయ ఇంజనీరు రూపొందించిన 1073 అనే యంత్రానికి నేటికీ పూజలు జరుగుతున్నవి. దానిలోని ట్రాన్స్‌ఫార్మర్లు స్వరానికి ఒక నిండుదనం ఇస్తవని సంగీత దర్శకుల అభిప్రాయం. అది వట్టి భ్రమ అని నేననను. సినిమా పాటకు, యాభై వాద్యాల మధ్య గాయకుని గొంతును ముందుకు తేవటానికి ఆ రంగు పనికి వస్తుంది. తల్లి పాటకు రంగెందుకు? ఆమె గొంతులోని జీర, ఊపిరి తీసుకున్న చప్పుడు, మరచిపోయి మళ్ళీ అందుకున్న చరణం, ఇవి ఉన్నవి ఉన్నట్లు రావటమే మనకు కావలసినది.

1970 దశకంలో జీన్ రోఘైర్ అనే పరిశోధకుడు పల్నాడుకు వచ్చి, వీరవిద్యావంతుడు అలిశెట్టి గాలెయ్యగారు పాడిన పల్నాటి వీరుల కథను టేపు మీద ఎక్కించుకుని, ఆంగ్లంలోకి అనువదించి, 1982లో ఆక్స్‌ఫర్డులో గ్రంథంగా ప్రకటించాడు. పల్నాటి నోటిమాట ప్రపంచ గ్రంథాలయాలలో చేరటానికి ఆ టేపురికార్డరు చాలింది. ఈనాటి ఏడెనిమిది వేల రూపాయల పెట్టె రొద విషయంలో ఆ కాలపు చేతిటేపు యంత్రాల కంటె ఎంతో శుభ్రమైనది.

కొనే ముందు పరీక్ష ఒకటి చేసుకోండి. మీ మైక్రోఫోను, మీ తీగ వెంట తీసుకుపోయి, చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని, గెయిన్ మరను ముప్పాతిక వంతు తిప్పి, మైక్రోఫోనును చేతిరుమాలులో చుట్టి వినండి. తరువాత బెత్తెడు దూరాన మెల్లగా మాట్లాడండి. మాట వెనుక రొద మరుగున పడితే ఆ పెట్టె మీకు చాలును. రెండు పెట్టెలను పోల్చేటప్పుడు రెండిటి ధ్వనీ సమానంగా ఉండేటట్లు చూడండి. రవంత గట్టిగా వినిపించినదే మంచిదని చెవి మోసపోతుంది. అమ్మేవారికి ఇది బాగా తెలుసు. ఒక చిన్నవానిని పిలిచి, ఏది ఏదో మీకు చెప్పకుండా మార్చమనండి. మొత్తం మీద, రెండు మైక్రోఫోనులు తగిలే పెట్టె, 55 డెసిబెల్లకు తక్కువ కాని గెయిన్, మైనస్ 125కు మించిన ఈఐఎన్, 48 వోల్టుల మీట ఉంటే ఇంటి పనికి లోటు రాదు. ఒక్క గొంతే ముద్రించదలచినవారికి ప్రీయాంప్లిఫయరును తనలోనే ఇముడ్చుకుని నేరుగా కంప్యూటరుకు తగిలే యూఎస్‌బీ మైక్రోఫోను కూడా చాలును.

ముద్రించేటప్పుడు మీటరును నిండా ఎక్కించవలెననే పాతకాలపు అలవాటు వదలండి. టేపు రోజులలో రొద మీద గెలవటానికి అది అవసరమయ్యేది. 24 బిట్ల ముద్రణలో పాట పతాకస్థాయి మైనస్ 12 డెసిబెల్ల దగ్గర ఉన్నా నష్టం లేదు, తరువాత పెంచుకోవచ్చును. చీలిపోయిన స్వరాన్ని మాత్రం ఎవరూ అతకలేరు. 24 బిట్లు, 48 కిలోహెర్ట్‌జుల ఒంటి ముద్రణ గంటకు సుమారు 520 మెగాబైట్ల చోటు పడుతుంది. వంద గంటల పాటలు ఒక చిన్న డిస్కులో పడతవి. ప్రతి పాటకు ముందు పాడేవారి పేరు, ఊరు, తేదీ, ఏ సందర్భంలో పాడే పాట అన్నది మీ గొంతుతోనే చెప్పి ముద్రించండి. ఒక ప్రతి ఇంట్లోను, మరొక ప్రతి వేరే ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల దగ్గరనో కూతురి దగ్గరనో ఉంచండి.